నవ్వొచ్చిన చోట ఆగండి: డార్క్ కామెడీ ఉన్న గోథిక్ నవల చదివే పద్ధతి

పాత ఇల్లూ చీకటి గుట్టూ పెట్టి భయపెట్టే నవల, అంటే గోథిక్ నవల, చదవడం అందరికీ వచ్చు. లైట్లు ఆర్పి దుప్పటి కప్పుకుంటే సగం పని అయిపోతుంది. భయపెడుతూనే చావు మీద కూడా నవ్వించే, అంటే డార్క్ కామెడీ ఉన్న, నవలతోనే చిక్కు. త్వరత్వరగా చదివితే జోకులు మిస్సవుతాం, జోకుల కోసమే చదివితే అసలు కథ చేతిలోంచి జారిపోతుంది. అందుకని ఒక్క నవలను ముందు పెట్టుకుని, దాన్ని ఎలా చదవాలో మొదటినుంచి చివరిదాకా చెప్తాను.

ఆ నవల షర్లీ జాక్సన్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన ‘వుయ్ హావ్ ఆల్వేస్ లివ్‌డ్ ఇన్ ద కాజిల్’. 1962లో వచ్చింది. ఆమె పూర్తి చేసిన ఆఖరి నవల ఇదే. 1965లో, యాభై కూడా నిండకుండానే చనిపోయింది. నవల్లో ఊరికి ఎడంగా ఒక పెద్ద ఇల్లు. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, చక్రాల కుర్చీలో బాబాయి, ఒక పిల్లి. మిగతా కుటుంబం ఆరేళ్ళ కిందట ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గరే ప్రాణాలు వదిలింది. ఇంతకు మించి కథ చెప్పను. కింద అక్కడక్కడా కొన్ని సంగతులు వస్తాయి, అవన్నీ గుట్టు విప్పనివే.

ముందు కాలం చూసుకోండి

రోహిణి కార్తెలో ఇలాంటి పుస్తకం ముట్టుకోవద్దు. ఒంగోలు ఎండలో చెమట తుడుచుకుంటూ చదివితే ఏ గోథిక్ నవలైనా కరెంటు ఆఫీసు మీద కోపంగానే ముగుస్తుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే స్కూళ్ళకు సెలవులిస్తారు, మైపాడు బీచ్ వైపు వెళ్ళొద్దని టీవీలో చెప్తారు. ఆ ముసురు రోజులే దీనికి సరైన ముహూర్తం. నవల పొడుగు నూట యాభై పేజీలకు అటూ ఇటూ, మొత్తం పది అధ్యాయాలు. రెండు ముసురు రోజులు చాలు. ఒక్క పూటలో లాగించేయొద్దు, మధ్యలో ఒక రాత్రి నిద్ర ఉండాలి.

ఏమీ తెలుసుకోకండి, అభిమానం కూడా కాస్త పక్కన పెట్టండి

ఫోన్లో పేరు కొట్టగానే సగం కథ సెర్చ్ పెట్టె కిందే కనపడుతుంది. కాబట్టి కొట్టొద్దు. అట్ట వెనక రాసింది చదవొద్దు. లోపల ముందుమాట ఉంటే అది ఆఖర్న చదివే వెనకమాట అనుకోండి, రాసేవాళ్ళు గుట్టంతా అక్కడే విప్పేస్తారు. 2018లో సినిమా కూడా వచ్చింది, దాన్నీ తర్వాతకే ఉంచండి.

షర్లీ జాక్సన్ మీ అభిమాన రచయిత్రి అయితే ఇంకో జాగ్రత్త కావాలి. ఆమె ‘ద లాటరీ’ కథ 1948లో న్యూయార్కర్ పత్రికలో వచ్చినప్పుడు పాఠకులు కోపంతో, అయోమయంతో కుప్పలుగా ఉత్తరాలు రాశారు. ఆ కథ చదివినవాళ్ళు ఆమె ఏం రాసినా ఆఖరి పేజీలో దెబ్బ పడుతుందని కాచుకుని కూర్చుంటారు. ఈ నవలకు ఆ కాపలా పనికిరాదు. ఇక్కడ గుట్టు సగం తెరిచిన తలుపు వెనకే ఉంటుంది. తెలివైన పాఠకులు నాలుగో అధ్యాయానికల్లా పట్టేస్తారు, పట్టేసినా పుస్తకం చెడదు. హంతకుణ్ణి కనిపెట్టే ఆట ఆడొద్దు.

పుస్తకం, ఇంగ్లీషు

నెల్లూరులోనైనా ఒంగోల్లోనైనా పుస్తకాల షాపుల్లో పోటీ పరీక్షల గైడ్ల మధ్య ఇది దొరికే ఆశ తక్కువ. ఆన్‌లైన్లో తెప్పించుకోండి, లేదా ఈ-బుక్ కొనండి. ఇంగ్లీషంటే టెన్షన్ అక్కర్లేదు. కథ చెప్పేది పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, వాక్యాలు పొట్టివి, మాటలు ఇంట్లో మాట్లాడుకునేవి. ఇంటర్ దాకా శ్రద్ధగా చదివినవాళ్ళకు డిక్షనరీ అవసరం పెద్దగా రాదు.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలిసుండాలి. ఆ రాత్రి భోజనంలో ఉన్న బ్లాక్‌బెర్రీ మన నేరేడు పండు కాదు. ముళ్ళ పొదకు కాసే పుల్లని పండు, అక్కడివాళ్ళు మీద చక్కెర చల్లుకుని తింటారు. ఆ చక్కెరలో ఆర్సెనిక్ అనే విషం కలిసింది, కుటుంబం పోయింది. అది ఎలుకల కోసం ఇంట్లో ఉంచుకున్న మందే. తెల్లటి పొడి, వాసన ఉండదు, రుచి తెలియదు. 1836లో జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్ష కనిపెట్టేదాకా శవంలో దాని జాడ పట్టుకోవడం మహా కష్టంగా ఉండేది. యూరప్‌లో దాన్ని ‘వారసత్వపు పొడి’ అని ఎగతాళిగా పిలిచేవాళ్ళు. ఇది తెలిస్తే కథలో చక్కెర గిన్నె బల్ల మీదికి వచ్చిన ప్రతిసారీ మీ చూపు దాని మీదే ఉంటుంది.

ఇల్లు మీ ఊళ్ళో కట్టుకోండి

గోథిక్ నవలకు ఇల్లు ఒక పాత్ర. అయితే అమెరికాలో పల్లె ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంటే ఆ ఇల్లు సినిమా సెట్టులాగే మిగిలిపోతుంది. మీకు తెలిసిన ఇంటిని తెచ్చిపెట్టండి. కందుకూరు వైపైనా, పొదిలి వైపైనా, ఆత్మకూరు వైపైనా పాత ఊళ్ళల్లో అలాంటి మిద్దె ఒకటి ఉండనే ఉంటుంది. పెద్ద గేటు, తుప్పు పట్టిన తాళం, లోపల వేపచెట్టు, ‘వాళ్ళ సంగతి మనకెందుకులే’ అంటూనే గంటసేపు చెప్పే ఊరి జనం. ఆ మిద్దెలో ఈ అక్కచెల్లెళ్ళను కూర్చోబెట్టండి. వంటగది ఎటు, తోట ఎటు, ఊళ్ళోకి దారి ఎటు అని ఒక కాగితం మీద గీతలు గీసుకోండి. చెల్లెలు మెరికాట్ మంగళ, శుక్రవారాల్లో సరుకులకూ లైబ్రరీ పుస్తకాలకూ ఊళ్ళోకి వెళ్తుంది. అక్క కాన్‌స్టెన్స్ తోట దాటదు. ఈ రెండు దారులు మనసులో గట్టిగా ఉంటే చాలు.

మొదటి పేరా మూడుసార్లు

మొదటి పేరాలో మెరికాట్ తనను తాను పరిచయం చేసుకుంటుంది. పేరు, వయసు, అక్కతో ఉంటానన్న మాట. అదృష్టం బాగుంటే తోడేలు మనిషిగా పుట్టి ఉండేదాన్నని అంటుంది. స్నానం ఇష్టం లేదు, కుక్కలు ఇష్టం లేదు, గోల ఇష్టం లేదు. ఇష్టమైనవాటిలో అక్క ఉంది, ఒక పాతకాలపు రాజవంశీకుడు ఉన్నాడు, మనిషి ప్రాణం తీసే ఒక పుట్టగొడుగు ఉంది. మా ఇంట్లో మిగతా అందరూ చనిపోయారు అని పేరా ముగిస్తుంది.

మొదటిసారి మామూలుగా చదవండి. రెండోసారి పైకి చదవండి, పెళ్ళిచూపుల్లో అమ్మాయి వివరాలు చెప్తున్నంత మర్యాదగా. మూడోసారి ఎక్కడ నవ్వొచ్చిందో అక్కడ పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి. ఆ వెంటనే వచ్చే పేరాలో వంటింటి అలమరలో లైబ్రరీ పుస్తకాలు అయిదు నెలలు దాటినా తిరిగివ్వలేదని చెప్తుంది. జిల్లా గ్రంథాలయంలో మెంబర్‌షిప్ ఉన్నవాళ్ళు ఫైన్ ఎంతవుతుందా అని లెక్కేస్తారు. వేయండి, తప్పులేదు. ఎందుకు తిరిగివ్వలేదో తెలిసేసరికి పుస్తకం అయిపోవస్తుంది.

నవ్వొచ్చిన చోట ఆగి, ఎవరి పక్కన నిలబడ్డారో చూసుకోండి

ఈ పద్ధతిలో అసలు పని ఇదే. మిగతా మెట్లు దాటేసినా ఇది దాటొద్దు.

డార్క్ కామెడీ మనకు కొత్తేమీ కాదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడన్న సామెత పుట్టిన భాష మనది. చచ్చినవాడి కళ్ళు చారెడంటామే, శవం పక్కన కూర్చుని అలా అనగలిగినవాళ్ళకు షర్లీ జాక్సన్ హాస్యం ఏమాత్రం పరాయిది కాదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, పదమూడో శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన దగ్గరికి వెళ్దాం. వాన కోసం ఊళ్ళల్లో విరాటపర్వం చదివించే అలవాటు ఉంది కదా, ఆ పర్వంలోనే కీచకవధ ఉంది. అర్ధరాత్రి, చీకటి నర్తనశాల, ఒంటరి పాన్పు. ద్రౌపది ఉందనుకుని కీచకుడు అలంకరించుకుని వస్తాడు. పడుకున్నది భీముడు. కీచకుడు తన అందాన్ని తానే పొగుడుకుంటుంటే, నా ఒళ్ళు తగిలాక నీ ఒళ్ళేమవుతుందో నీకే తెలుస్తుందన్న అర్థం వచ్చేలా భీముడు చీకట్లోంచి జవాబిస్తాడు. మనం నవ్వుతాం. కాసేపటికి కీచకుడు కాళ్ళూ చేతులూ తెలియని మాంసపు ముద్ద అవుతాడు. ఆ ముద్దను చూసేసరికే మనం భీముడి పక్షాన ఉన్నాం. అక్కడ నిలబెట్టింది నవ్వే. కీచకుడు దుర్మార్గుడు కాబట్టి మనకు ఇబ్బంది అనిపించదు.

మెరికాట్ కూడా అదే పని చేస్తుంది, కానీ ఆమె ఎవరో మనకింకా తెలియదు. మొదటి అధ్యాయంలో సరుకుల కొట్లో జనం ఆమెను గుచ్చిగుచ్చి చూస్తుంటారు. వీళ్ళంతా ఒకరోజు నేల మీద పడి ప్రాణాలు పోతుంటే, వాళ్ళను దాటుకుంటూ వెళ్ళి కావాల్సినవి తీసుకుని, పోతూ పోతూ ఒకావిడను ఒక తన్ను తన్ని ఇంటికెళ్ళాలని మెరికాట్ ఊహించుకుంటుంది. ఆ తన్ను దగ్గర నవ్వు రాని మనిషిని నేను నమ్మను. నవ్వండి. నవ్వి, పుస్తకం మూసి, వేలు ఆ పేజీలో ఉంచి, చచ్చిపోవాలని ఆమె కోరుకున్న వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారని గుర్తు చేసుకోండి. మీరు నవ్వింది ఎవరితో కలిసి, ఎవరి మీద? మార్జిన్‌లో ఒక్క ముక్క రాయండి: ‘మెరికాట్ వైపు’, ‘ఊరి వైపు’, ‘ఎటూ కాదు’. పుస్తకం పాడవుతుందనుకునేవాళ్ళు ఫోన్ నోట్స్‌లో పేజీ నంబరుతో రాసుకోవచ్చు.

ప్రతి నవ్వుకూ ఇలా చేయక్కర్లేదు, చిరాకొస్తుంది. అధ్యాయానికి రెండు చోట్ల చాలు. నవల సగానికొచ్చేసరికి ఆ ముక్కలు ఒకసారి వరసగా చూడండి. మీరు ఏ వైపు జరుగుతున్నారో కనపడుతుంది.

రెండో అధ్యాయం: టీకి వచ్చిన అతిథి

ఈ ఒక్క అధ్యాయాన్ని ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వినేవాళ్ళు లేకపోతే మీకు మీరే చదువుకోండి. కుటుంబ స్నేహితురాలు టీకి వస్తుంది, వెంట రైట్ అనే ఆవిడను తీసుకొస్తుంది. ఈ రెండో ఆవిడకు ఆ పాత విషప్రయోగం గురించి తెలుసుకోవాలని ప్రాణం పీకుతుంటుంది, అడగడానికి మర్యాద అడ్డం. ఇలాంటి చుట్టాలను మనం ఎన్ని పరామర్శల్లో చూడలేదు! అడగకుండా ఉండలేరు, అడిగినట్టు కనపడకూడదు.

జూలియన్ బాబాయి ఆ రాత్రి చక్కెర కాస్తే తిన్నాడు కాబట్టి బతికాడు. అప్పట్నుంచీ ఆ రోజు గురించి పుస్తకం రాస్తూ ఉన్నాడు. ఎవరేం తిన్నారు, ఎవరెక్కడ కూర్చున్నారు అంతా కాగితాల్లో ఉంది. అడిగేవాళ్ళు దొరగ్గానే ఆయన ఎంత ఉత్సాహంగా మొదలుపెడతాడో చూడండి. పోలీసులు రాకముందే కాన్‌స్టెన్స్ చక్కెర గిన్నె కడిగేసిందని చెప్తాడు. ఎందుకట? అందులో సాలీడు కనపడిందట. హత్య కేసులో ముఖ్యమైన ఆధారాన్ని ఇంటి శుభ్రత కోసం కడిగేయడం! ఇదే అధ్యాయంలో ఆ అతిథికి టీ ఇస్తూ చక్కెర వేయమంటారా అని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. అడిగిన మాట మర్యాదగా ఉంది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఈ నవల్లో దయ్యం ఒక్కటి కూడా లేదు. గుండె జారే చోటల్లా మర్యాద మాటే ఉంటుంది.

వినేవాళ్ళు ఎప్పుడు నవ్వారో గమనించండి. మీకు నవ్వొచ్చిన చోటే వాళ్ళకూ రావాలని లేదు. ‘ఏందబ్బా ఈ ఇల్లు’ అని లేచి వెళ్ళిపోయేవాళ్ళూ ఉంటారు, పోనివ్వండి.

జాడీలు, ‘చేయకూడదు’ అన్న మాటలు

చదువుతూ రెండే జాబితాలు రాసుకోండి. ఒకటి తిండి. ఈ నవల్లో వంట ఆగదు. కాన్‌స్టెన్స్ పొద్దస్తమానం వండుతూనే ఉంటుంది, అదీ నోరూరేలా. భోంచేసి చదవడానికి కూర్చోండి. చేపల పులుసు నిన్నటిదైతే ఇంకా మంచిది. కింద సెల్లార్‌లో తరతరాల ఆడవాళ్ళు పెట్టి వెళ్ళిన జామ్‌లూ పచ్చళ్ళూ వరసగా సీసాల్లో ఉంటాయి. ముత్తవ్వల నాటివి ఇప్పుడు తింటే చస్తామని కాన్‌స్టెన్స్ అంటుంది, అయినా ఎవరూ పారేయరు. అటక మీద నానమ్మ జాడీని చూసినట్టుంటుంది, కడగలేం, పగలగొట్టలేం. ఆ సెల్లార్‌ను తేలిగ్గా తీసుకోవద్దు, రంగు సీసాల వర్ణన అని దాటేయొద్దు.

రెండో జాబితా, మెరికాట్ నోట ‘నాకు అనుమతి లేదు’ అని వచ్చినప్పుడల్లా. కత్తులు ముట్టకూడదు, వంటలో చేయి పెట్టకూడదు, ఇలాంటివి. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఈ నియమాలు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? ఆమె చెప్పదు. చెప్పనివాటినే రాసుకోవాలి.

ఆమె వస్తువులను భూమిలో పాతిపెడుతుంది, పుస్తకాన్ని చెట్టుకు మేకేసి కొడుతుంది, ఇంటిని కాపాడే మాటలని మూడు ఏరుకుంటుంది. గుమ్మానికి గుమ్మడికాయ కట్టే మనకు ఇందులో వింతేమీ కనపడదు. కనపడకపోవడం వల్లే మోసపోయే ప్రమాదం ఉంది. ఆమె పిచ్చిదా, ఇంటి కాపలాదారా అన్న తీర్పు అయిపోయేదాకా ఇవ్వకండి.

చుట్టం వచ్చాక

కథ సగానికి దగ్గరపడేసరికి చార్లెస్ అనే దాయాది దిగుతాడు. ఇనప్పెట్టె ఎక్కడుందో, అందులో ఎంతుందో వాడికి కావాలి. ఆస్తి వాసన పట్టి వచ్చే చుట్టాన్ని గుర్తుపట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు కాబట్టి ఈ భాగం వేగంగా చదవొచ్చు. ఒక్క భోజనాల బల్ల సీను దగ్గర మాత్రం నిదానం. మొదటి పేరాలోని ఆ పుట్టగొడుగు తింటే ఒంట్లో ఏమేం అవుతుందో మెరికాట్ వరసగా అప్పజెప్తుంది. పాఠం ఒప్పజెప్తున్న గొంతు, ఎదురుగా అన్నం తింటున్న చుట్టం. ఇంకో చోట జూలియన్ బాబాయి మెరికాట్ గురించి ఒక మాటంటాడు. అది చదివి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతారు, ఆ వాక్యం ఏదో నేను చెప్పను.

ఊరిని మర్చిపోకండి

ఎనిమిదో అధ్యాయానికి ముందు ఒక రాత్రి ఆగమంటాను. అక్కడ ఊరు కథలోకి మొత్తంగా వస్తుంది. అప్పటిదాకా ఊరి పిల్లలు ఈ అక్కచెల్లెళ్ళ మీద కట్టిన పాట వినపడుతూ ఉంటుంది. టీ తాగుతావా అంటే, వద్దు విషం పెడతావు అనే పాట. ముద్దుగా ఉంటుంది, నాలుక మీద తిరుగుతుంది. పల్లెలో పెరిగినవాళ్ళకు ఇక్కడ నగర పాఠకుల కంటే ఎక్కువ తెలుసు. ఒక కుటుంబాన్ని వెలి వేయడానికి పంచాయతీ తీర్మానం అక్కర్లేదు. కొట్లో మాటలు ఆగిపోతే చాలు, పిల్లలకు ఒక పాట దొరికితే చాలు. మీ మార్జిన్ ముక్కల్లో ‘ఊరి వైపు’ అని రాసినవి ఎన్నున్నాయో ఈ అధ్యాయంలోకి వెళ్ళే ముందు చూసుకోండి. తర్వాత చూస్తే దిద్దాలనిపిస్తుంది. దిద్దొద్దు.

అయిపోయాక

వెంటనే మొదటి అధ్యాయం మళ్ళీ చదవండి, అరగంట పని. అప్పుడు ముందుమాట, ఆ తర్వాత సినిమా. ఎవరికైనా పుస్తకం ఇస్తే చక్కెర సంగతి తప్ప ఇంకేమీ చెప్పకండి. మీ చుక్కలూ ముక్కలూ ఉన్న కాపీ ఇవ్వొద్దు, అవే గుట్టు చెప్పేస్తాయి.

ఈ రుచి పట్టుకుంటే తర్వాత జాక్సన్‌దే ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ (1959) చదవండి. అందులో నవ్వు తక్కువ, ఒంటరితనం ఎక్కువ. నవ్వే కావాలంటే జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ అబ్బే’. గోథిక్ నవలలు తెగ చదివిన అమ్మాయి తుపాను రాత్రి పాత బీరువా తెరిచి, రహస్య పత్రం దొరికిందని వణికిపోతుంది. తెల్లారి చూస్తే అవి బట్టలుతికిన లెక్కలు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చేలోపు ఆ భాగం అయిపోతుంది. అసలు ఈ వంశానికి మూలపురుషుణ్ణి చూడాలంటే హొరేస్ వాల్పోల్ 1764లో అచ్చేసిన ‘ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ ఉంది. పెళ్ళిరోజున పైనుంచి బ్రహ్మాండమైన ఇనప శిరస్త్రాణం పడి పెళ్ళికొడుకు నుజ్జవుతాడు. రెండు పేజీలు తిరిగేలోపే అది పడిపోతుంది. అక్కడ పెన్సిల్ అవసరం లేదు, ఏ వైపున నిలబడినా నవ్వుకోవచ్చు.